పదిహేడో కవరు

అక్క ఆ పని చేసి అప్పటికి ఆరు వారాల మూడు రోజులు.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్లు కూడా ఉంటారు కాబట్టి ఆ పని ఏమిటో ముందు చెప్పేసుకుందాం. మడమ వెనక, పిక్క కండను మడమ ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి పట్టీ ఒకటి ఉంటుంది. జనం దాన్ని మడమ నరం అంటారు. అది నరం కాదు. కానీ పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి ప్రాణం జిల్లుమంటుంటే పేరు సరిదిద్దుకునే ఓపిక ఎవరికుంటుంది? ఒకసారి పట్టుకుంటే నెలల తరబడి వదలని ఆ నొప్పికి క్లినిక్‌లో పెద్ద డాక్టరమ్మ ఒక కొత్త వైద్యాన్ని పరీక్షకు పెట్టింది. కోత లేదు, సూది లేదు, మాత్ర లేదు. పిక్క మీద గుండ్రటి కాయిల్ ఆనించి మిషను నొక్కితే, అయస్కాంతపు తాకిళ్లు టకటకమంటూ చర్మం దాటి లోపలికి పోతాయి. దాంతో నొప్పి తగ్గుతుందని ఆశ. ఆశే తప్ప ఇంకా రుజువు లేదు.

రుజువు కోసమే నలభై మందిని తీసుకున్నారు. ఇరవై మందికి అసలు కాయిల్. మిగతా ఇరవై మందికి అచ్చం అలాగే ఉండి, అలాగే టకటకలాడి, చర్మం మీద కాస్త చిమచిమలాడించి ఊరుకునే ఉత్త కాయిల్. ఎవరికి ఏది పెడుతున్నారో రోగికి తెలియదు, నొప్పి కొలిచే డాక్టర్లకూ తెలియదు. మనసు చేసే మాయ ఎంతో, అయస్కాంతం చేసే మేలు ఎంతో విడదీయడానికి అంతకన్నా మంచి దారి లేదు. కార్డులన్నీ బాగా కలిపేసి, నలభై కవర్లలో పెట్టి అంటించి, పైన అంకెలు వేశారు. వచ్చిన వరసలో ఒక్కొక్కరికి ఒక్కో కవరు. నీలం కార్డు వస్తే అసలు కాయిల్, పసుపు కార్డు వస్తే ఉత్తది. ఆ కవర్లు చించేదీ, రంగులు తెలిసీ నోరు కట్టేసుకోవాల్సిందీ మిషను నడిపే ఒక్క మనిషే.

ఆ మనిషి అక్క. క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. తనకంటే వయసులో పెద్దవాళ్లు కూడా ఆమెను అక్కా అనే పిలుస్తారు.

పదిహేడో కవరు ఆమె సొంత చెల్లెలికి వచ్చింది. చించింది. పసుపు.

చెల్లెలితో "మిషను వేడెక్కింది, రేపు రా" అని అబద్ధమాడి పంపించేసింది. గది తలుపు వేసి, టీ కెటిల్ ఆవిరి మీద పద్దెనిమిదో కవరు అంటు విప్పింది. నీలం. రెండు కార్డులూ అటూ ఇటూ మార్చి, మళ్లీ అంటించింది. మొత్తం నాలుగు నిమిషాల పని. ఆ నాలుగు నిమిషాలూ చెయ్యి వణకలేదు. వణుకు తర్వాత మొదలైంది, మర్నాడు పద్దెనిమిదో నంబరు మనిషి కుంటుకుంటూ లోపలికి వచ్చి నవ్వుతూ నమస్కారం పెట్టినప్పుడు.

ఇవాళ ఆ ఇద్దరికీ ఆఖరి కొలతల రోజు.

*

పద్దెనిమిదో నంబరు మనిషిని క్లినిక్ మొత్తం మీటర్ బాబాయి అంటుంది. ఇళ్లకు తిరిగి కరెంటు మీటర్లు చూసి అంకెలు రాసుకునే ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా అదే పని. లిఫ్టుల్లేని పాత భవనాలన్నీ ఆయన వంతే. రోజుకు రెండు వేల మెట్లు.

కొలతలు ముగించుకుని, మధ్యాహ్నం మూడింటికి మిషను గది తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎడం మడమ నేలకు ఆనకుండా కొంగలా ఒంటికాలి మీద.

"రావచ్చా తల్లీ? ఇవాళ పనేం లేదులే. నీ మిషనుకు వీడ్కోలు చెప్పిపోదామని."

"రండి బాబాయ్. కూర్చోండి." అక్క కుర్చీ లాగింది. "ఎంత వేశారు నొప్పికి?"

"పదికి ఆరు. వచ్చినప్పుడు ఏడు. నిజానికి ఏడే వేద్దామనుకున్నా. పాపం ఆ కుర్ర డాక్టరు నా మొహంలోకి అంత ఆశగా చూస్తుంటే ఒకటి తగ్గించా. పిల్లాడు బాధపడతాడని."

తన హాస్యానికి తనే నవ్వాడు. ఆరు వారాలుగా ఈ మనిషి జోకులకు అక్క నవ్వుతూనే ఉంది. ఇవాళ మాత్రం లేచి ఆయనకు నీళ్లు పోసి ఇచ్చింది.

"మిషను మంచిదేనమ్మా. ఇందాక బయట కూర్చుంటే ఎవరో చెప్పుకుంటున్నారు, వాళ్లకు గుణం కనిపించిందట. మొండిది నా మడమే. మా ఆవిడ ముందే చెప్పింది, నీ ఒంటికి ఏ వైద్యమూ ఎక్కదు, మాటే ఎక్కదు ఇక వైద్యమేం ఎక్కుతుంది అని." కుర్చీలో వెనక్కి వాలి పాదం సర్దుకున్నాడు. "నువ్వు చెప్పిన మెట్టు అంచు వ్యాయామం ఒక్కపూట మానలేదు. నీ దగ్గర దాపరికం ఎందుకు, నొప్పికి ఏడుస్తూ చేశా. అయినా దిగిరాలేదంటే తప్పు నా కాలిదే."

"అలా అనకండి బాబాయ్."

"ఉన్న మాటేగా. ఎల్లుండి ఆఫీసు డాక్టరు చూస్తాడు. మెట్లెక్కలేనంటే వెనక గదిలో కూర్చోబెడతారు, పాత కార్డులు సర్దుకోవడానికి. కూర్చునే పని అని అందరూ అదృష్టవంతుడివి అంటున్నారు." తన మడమ వైపు చూసుకున్నాడు. "నాకేమో మనుషులు కావాలి. నా బీటులో నాలుగో అంతస్తులో ఒక ముసలావిడ ఉంది. నెలకోసారి నేను తలుపు కొడితే తప్ప ఆవిడ ఇంటి గడప తొక్కేవాళ్లు లేరు. నేను మీటరు చూసేది అరనిమిషం, ఆవిడ మాట్లాడేది అరగంట. కొత్తగా వచ్చేవాడికి ఆ అరగంట ఉంటుందా?"

అక్క బల్ల మీది కాగితాలు అనవసరంగా సర్దింది. ఆమె చేతి కిందే కొలతలు అయిపోయినవాళ్ల ఫైళ్లు ఉన్నాయి. ఒక్కో ఫైలుకు ఒక్కో కార్డు గుచ్చి ఉంది. సాయంత్రంలోగా అవన్నీ లెక్కలు కట్టేవాళ్లకు అందాలి. పైన ఉన్నవి పదిహేడు, పద్దెనిమిది.

అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది.

"అక్కా! పదికి ఒకటి!"

చెల్లెలు. ఇంట్లో ఆమెను తూనీగ అంటారు. చిన్నప్పుడు ఒక్కచోట కాలు నిలిచేది కాదు. తల్లి పోయేనాటికి దానికి ఎనిమిదేళ్లు, అక్కకు ఇరవై ఒకటి. జడ వేసిందీ, బడికి పంపిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ అక్కే. ఇప్పుడు దానికి ఇరవై అయిదు. ఫైర్‌స్టేషన్‌లో కొత్తగా చేరిన ఏడుగురిలో ఒక్కతే ఆడపిల్ల. పదిహేను నెలలు మడమ నొప్పితో నలిగి, కిందటివారమే అక్కడి దేహదారుఢ్య పరీక్ష నెగ్గింది.

"పొద్దున పది గంటలకే నా కొలతలు అయిపోయాయి. వచ్చినప్పుడు ఎనిమిది, ఇప్పుడు ఒకటి! స్టేషన్‌కి పోతూ నీకు చెప్దామని వచ్చా. ఇవాళ అయిదింటికి మా మొదటి టవర్ డ్రిల్లు." అప్పుడు చూసింది కుర్చీలో మనిషిని. "అరె, బాబాయ్! మీరెంత?"

వారానికి రెండుసార్లు ఒకే బెంచీ మీద ఎదురుచూసిన స్నేహం వాళ్లది. వైద్యం గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోవద్దని మొదటి రోజే సంతకం పెట్టించుకున్నారు కాబట్టి, ఆరు వారాలూ వానల గురించీ సినిమాల గురించీ మాట్లాడుకున్నారు. ఇవాళ్టితో ఆ కట్టు తెగిపోయింది.

"నాది ఆరమ్మా. నువ్వు బాగుపడ్డావు, అది చాలు."

"అయ్యో, ఆరేనా? మరి కాయిల్ పెట్టినప్పుడు మీకు పిక్క ఎగిరేది కాదూ? నాకైతే బుట్టలో వేసిన చేపలా గిలగిల్లాడేది. నవ్వాపుకోలేక చచ్చేదాన్ని."

బాబాయి కనుబొమలు ముడిపడ్డాయి. "ఎగరడమా? నాకెప్పుడూ ఎగరలేదే. టకటకలు విన్నా, కాస్త చీమ కుట్టినట్టుండేది. అంతే."

అక్క తల ఎత్తలేదు. ఎత్తితే ముఖమే చెప్పేస్తుందని తెలుసు.

తర్వాత బాబాయి పెద్దగా నవ్వేశాడు. "ఓహో! అయితే నాకు పడింది ఉత్తదన్నమాట! చూశావా తల్లీ, ఇన్నాళ్లూ నా మడమను అన్యాయంగా తిట్టిపోశా. లాటరీ కదా, ఒకరికి తగులుతుంది, ఒకరికి తగలదు. ఒప్పుకునేగా సంతకం పెట్టా." లేచి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "మనసు తేలికపడింది సుమా. నువ్వేం మాట్లాడకు, నీకు చెప్పే హక్కు లేదని నాకు తెలుసు. వస్తా."

తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"అన్నట్టు, నా టకటకలు ఉత్తవైనా నీ మాటలు ఉత్తవి కావమ్మా. ఈ గదిలోకి రావాలంటే సంతోషంగా ఉండేది."

కుంటుకుంటూ వరండాలోకి వెళ్లిపోయాడు.

*

తూనీగ ఇంకా నవ్వుతూనే ఉంది. "పాపం బాబాయ్. ఎంత మంచి మనిషో కదక్కా?" అంటూ బల్ల మీదకు వంగింది. తన అంకె వెతుక్కుంది. ఆ వయసుకు అది సహజమే.

పదిహేడో ఫైలు మీద నీలం కార్డు. పద్దెనిమిదో ఫైలు మీద పసుపు.

నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"నాది పసుపు కదా?"

అక్క ఫైళ్లు తన వైపు లాక్కుంది.

"మొదటి రోజు నా కవరు చించినప్పుడు నేను ఇక్కడే, ఈ మంచం అంచున కూర్చుని ఉన్నా. నీ చేతిలో పసుపు ముక్క చూశా. పసుపు నాకు కలిసొచ్చే రంగు అని కూడా అన్నా. అప్పుడే నువ్వు మిషను వేడెక్కింది, రేపు రమ్మన్నావు." గొంతు తగ్గుతూ వచ్చింది. "అక్కా. పసుపంటే ఏంటి?"

చెప్పకుండా ఉండటానికి ఇంకా ఒక సందు ఉంది. పొరపాటున చూశావే అనొచ్చు, వెలుతురు సరిగ్గా లేదనొచ్చు. ఆ పిల్ల నమ్ముతుంది కూడా. చిన్నప్పటినుంచీ అక్క చెబితే నమ్మడమే దానికి అలవాటు. అక్క నోరు తెరిచింది. ఆ నమ్మకం కళ్ల ముందు అలా నిలబడి ఉండగా అబద్ధం నాలుక దాటలేదు.

"పసుపంటే ఉత్తది" అంది.

తూనీగ కుర్చీలో కూలబడింది. ఇందాక బాబాయి కూర్చున్న కుర్చీలోనే.

"అంటే ఇందాక ఆయన లాటరీ తగలలేదని నవ్వుకుంటూ పోయాడే, ఆ లాటరీ ఆయనకు తగిలింది. నువ్వు తీసి నాకిచ్చావు."

"చూడు తూనీగా…"

"ఆయన ముందు నేను చేపపిల్ల, గిలగిల అని వాగుతుంటే నువ్వలా కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నావు."

"నీ మడమ పాడుచేసింది నేనేనే!" అక్క గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. నెలల తరబడి లోపలే నొక్కిపెట్టుకున్న మాట అది. "పోయినేడు నువ్వు మొదటిసారి నొప్పంటే, కనీసం చేత్తో పట్టి చూశానా? పనిలో ఉండి ఫోన్లోనే చెప్పా, కాపడం పెట్టుకుని పరిగెత్తు, నొప్పి దానంతటదే పోతుందని. ఇదే మాట వేరేవాళ్లకు ఇంకో ఫిజియో చెబితే నేనే తిట్టేదాన్ని. రెండు నెలలు పరిగెత్తావు నా మాట నమ్మి. చివరికి చూసేసరికి ఆ పట్టీ బొటనవేలంత లావై ఉంది. ప్రతి రాత్రీ నీ గదిలోంచి కుంటే అడుగుల చప్పుడు వినేదాన్ని. ఆ చప్పుడు నాకెలా ఉండేదో నీకేం తెలుసు?"

"తెలుసు" అంది తూనీగ. నెమ్మదిగా. "అందుకే నువ్వు నిద్రపోయావనుకునేదాకా మంచం దిగేదాన్ని కాదు."

అక్క ఫైళ్ల మీంచి చెయ్యి తీసేసింది.

"నువ్వు పొరపాటున చెప్పావని నాకు ఎప్పుడో తెలుసు. స్టేషన్‌లో డాక్టరు చెప్పాడు. నిన్ను ఒక్కనాడైనా ఒక్క మాటన్నానా? అది పొరపాటు. మనుషులకు జరుగుతుంది. ఇది పొరపాటు కాదు కదక్కా." వేలితో ఆ పసుపు కార్డు అంచు తాకింది. "దీనికి కెటిల్ పెట్టావో, బ్లేడు పెట్టావో, ఏదో ఒకటి చేసి ఉంటావు. చేసేటప్పుడు పద్దెనిమిది అనే అంకె వెనక ఒక మనిషి ఉంటాడని నీకు తట్టలేదా?"

"అప్పటికి ఆయన ఎవరో నాకు తెలియదు."

అన్నాక గానీ ఆ మాట ఎంత అన్యాయమో అక్కకు తెలియలేదు. తెలియని మనిషిదైతే తీసుకోవచ్చా? తూనీగ అక్క వైపు చూసిందంతే. ఆ చూపు ముందు అక్క తలకొట్టేసినట్టయింది.

"మర్నాడే తెలిసింది" అంది అక్క, ఈసారి వినీ వినపడకుండా. "మర్నాడే మార్చేయొచ్చు. రోజూ అనుకున్నా. నీ నొప్పి ఎనిమిది నుంచి ఆరుకొచ్చింది. ఈ వారం ఒక్కటీ అనుకున్నా. నాలుగుకొచ్చింది. ఇక నావల్ల కాలేదు."

తూనీగ లేచింది. తలుపు పక్కన పెట్టిన బ్యాగు భుజాన వేసుకుంది.

"పరీక్ష నెగ్గిన రోజు స్టేషన్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. పదిహేను నెలలు పళ్లబిగువున ఓర్చుకున్నా కదా, అది నా కష్టమే అనుకున్నా. ఇప్పుడేమనుకోను? నా కాలు నిలబడింది నా కష్టంతోనా, ఆయన నోటిముందు కూడు లాక్కునా?"

"ఎక్కడికే?"

"డ్రిల్లుకి. నాలుగో అంతస్తు నుంచి మనిషంత బరువున్న బొమ్మను భుజానేసుకుని దిగాలి. మొదట ఎవరు దిగుతారని అడిగితే చెయ్యెత్తుతా. ఇది నా కాలో కాదో నాకు తెలియాలి."

"కాస్త నెమ్మది మీద మాట్లాడుకుందాం, తూనీగా."

"నువ్వు మాట్లాడాల్సింది నాతో కాదు."

*

మీటర్ బాబాయి క్లినిక్ ఎదుట బస్టాపులో కూర్చుని ఉన్నాడు. అరవై అడుగుల దూరం కూడా లేదు. ఆ అరవై అడుగులూ అక్కకు ఊరు దాటినంతయింది.

"ఏంటి తల్లీ, ఏదైనా మర్చిపోయానా?"

అక్క నిలబడే చెప్పింది. కూర్చునే ధైర్యం చాలలేదు. కవర్లు, కెటిల్, కార్డులు, చెల్లెలు. ఒక్క ముక్క దాచుకోలేదు, ఒక్క సాకూ చెప్పలేదు. చెప్పడం అయిపోయేసరికి ఒక బస్సు వచ్చి, తలుపు తెరిచి, ఎవరూ ఎక్కకపోతే మూసుకుని వెళ్లిపోయింది. అది ఆయన ఎక్కాల్సిన బస్సే.

బాబాయి వెళ్లిపోతున్న బస్సు వైపు చూశాడు.

"ఆ పిల్ల నీ చెల్లెలని నాకు తెలియదు" అన్నాడు చివరికి. "క్లినిక్‌లో అందరూ నిన్ను అక్కా అనే పిలుస్తారు కదా. ఆ పిల్లా అలాగే పిలుస్తుంది అనుకున్నా."

"తిట్టండి బాబాయ్. ఏదో ఒకటి అనండి."

"తిడితే నీకు కాస్త తేలికవుతుందేమో. నాకేమవుతుంది?" ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది అక్కకు. "ఒక్కటి అడుగుతా. నిజం చెప్పు. ఆ ఆరు వారాలు నా జోకులకు నవ్వేదానివే. నవ్వొచ్చి నవ్వేదానివా, చేసిన తప్పు లోపల కుట్టి నవ్వేదానివా?"

"రెండూ" అంది.

ఆయన తల ఊపాడు. ఏదో బరువైన మూట చేతిలో పెడితే సర్దుకుంటున్నట్టు ఊపాడు.

"ఇందాక నా మనసు తేలికపడిందన్నానా? అది వెనక్కి తీసుకుంటున్నా. మడమ సంగతి వదిలెయ్. ఆ గదిలో నన్నొక మనిషిలా చూశారని ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పేవాణ్ని. ఇప్పుడు వెళ్లి ఏం చెప్పాలో తెలియడం లేదు." మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచాడు. "వెళ్లమ్మా. పెద్ద డాక్టరమ్మకు చెప్పు. నా కోసం కాదు. ఆ నొప్పితో ఇంకెంతమంది ఉన్నారో, వాళ్లందరూ ఆ కాగితాలనే నమ్ముకుంటారు."

పట్టుకుందామని చెయ్యి చాచింది అక్క. ఆయన చూడనట్టే స్తంభం పట్టుకున్నాడు.

*

పెద్ద డాక్టరమ్మ వింటున్నంతసేపూ కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. పదకొండేళ్లుగా ఇద్దరూ కలిసి పనిచేస్తున్నారు. ఈ పరీక్షకు మిషను ఎవరి చేతికివ్వాలని అడిగితే, రెండో పేరు ఆలోచించకుండా అక్క పేరు చెప్పింది ఆవిడే. చెల్లెలు కూడా ఇందులో ఉండొచ్చా అని ఎవరో అనుమానపడితే, మా అక్క సంగతి నాకు తెలుసు అని పూచీ పడిందీ ఆవిడే.

"రెండు కవర్లు" అంది చివరికి.

"రెండే మేడమ్. ఒట్టు."

"నేను నమ్ముతా. లోకం నమ్మాలి కదా. రెండు మార్చిన చెయ్యి నాలుగు మార్చలేదని నేను ఎవరికి రుజువు చూపించను? నలభై మందీ ఇప్పుడు అనుమానంలోనే ఉన్నారు. పదకొండు నెలల పని." కళ్లద్దాలు బల్ల మీద పెట్టింది. "ఎందుకు నాతో ఒక్క మాట చెప్పలేదు? చెల్లెలికి పసుపు వచ్చింది, తట్టుకోలేకపోతున్నానంటే, ఆ పిల్లను పరీక్షలోంచి తీసేసి విడిగా చూసేవాళ్లం. ఆ దారి ఉంది. మొదటినుంచీ ఉంది."

ఆ దారి ఉందని అక్కకు ఆ క్షణం దాకా తట్టలేదు. ఇంత చిన్న విషయం. గది దాటి, వరండా దాటి, ఈ తలుపు తట్టి ఉంటే సరిపోయేది. ఆరు వారాలుగా గుండెల మీద మోస్తున్న బండ ఎవరూ పెట్టింది కాదని, తనే వెతికి ఎత్తుకుందని అర్థమై, ఏడుపు కూడా రాలేదామెకు.

"రేపు ఈ పరీక్షను పర్యవేక్షించే కమిటీకి రాయాలి. ముందు ఆ రెండు ఫైళ్లు ఇలా ఇవ్వు, పక్కన పెడదాం."

డాక్టరమ్మ పదిహేడో ఫైలు తెరిచింది. నొప్పి ఒకటి అని రాసి ఉన్న కాగితం తిప్పింది. దాని వెనక, పొద్దున కొలతలతోపాటు తీసిన మడమ స్కాన్ ఉంది. ఆఖరి కొలతల్లో స్కాన్ ఒక భాగం. తీసినవాడు ఫైల్లో పెట్టి వెళ్లాడు, చదివే డాక్టరు రేపు గానీ రాడు.

ఆవిడ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టింది.

"నొప్పి ఒకటే అందా?"

"అవును మేడమ్."

"ఇలా రా."

తెల్లటి తాడులా కనిపించాల్సిన చోట, మడమకు రెండంగుళాలు పైన, నల్లటి చీలిక. సన్నది కాదు. దాదాపు సగం మందం దాకా కోసుకుపోయింది.

"నొప్పి తగ్గింది, నిజమే. నొప్పి తగ్గడం వేరు, మానడం వేరు. నొప్పి ఉన్నన్నాళ్లు ఆ పిల్ల కాలు కాపాడుకుంది. అది పోయాక బాగయిందనుకుని పరీక్షకు పరిగెత్తింది, దూకింది. ఇది ఈ రెండు మూడు వారాల్లో చిరిగింది." డాక్టరమ్మ వేలు ఆ నలుపు మీదే ఆగింది. "కట్టు కట్టి, నేలకు ఆనకుండా ఉంచితే అతుక్కుంటుంది. ఇప్పుడు దీని మీద పెద్ద బరువు పడితే మిగతా సగం కూడా పోతుంది. ఆ తర్వాత ఫైర్‌స్టేషన్ సంగతి మర్చిపోవాల్సిందే. ఎక్కడుంది తను?"

అక్క గోడ గడియారం వైపు చూసింది. అయిదు దాటి నాలుగు నిమిషాలు.

ఫోన్ చేసింది. మోగింది, కట్ అయింది. మళ్లీ చేసింది. స్విచాఫ్.

డాక్టరమ్మ అప్పటికే స్టేషన్ నంబరు వెతికి బల్ల మీది ఫోన్లో నొక్కి, రిసీవరు అక్క చేతికిచ్చింది. అవతల ఎవరో మగగొంతు. వెనకాల జనం కేకలు, ఈలలు.

"మీ దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి, నేను వాళ్లక్కను. దాన్ని ఎక్కనివ్వకండి. బరువు ఎత్తనివ్వకండి, దయచేసి…"

"ఆవిడా? అప్పుడే ఎక్కేసిందండీ. తనే మొదట చెయ్యెత్తింది. అదిగో, బొమ్మ భుజానేసుకుని దిగుతోంది కూడా. గట్టిదండీ మీ చెల్లెలు! ఉండండి, వినిపిస్తా."

ఆయన ఫోన్ అటు తిప్పినట్టున్నాడు. కింద నిలబడ్డ కుర్రాళ్లందరూ ఒక్క గొంతుతో అంతస్తులు లెక్కపెడుతున్నారు.

"నాలుగూ…!"

"ఆపండి! నా మాట వినండి, ఆపమనండి!" అక్క అరిచింది. ఆ కేకల్లో ఎవరికి వినిపిస్తుంది?

"మూడూ…!"

రెండు అనే మాట కోసం అక్క రిసీవరును చెవికి నొక్కి పట్టుకుంది. ఆ మాట రాలేదు. కేకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.